బిడారు దిగిన చోటు

రా అబ్బాయ్, ఇలా కూర్చో. మంటకి మరీ అంత దగ్గరగా జరక్కు. నీ ప్యాంటుని మోకాళ్ళ దగ్గర కొట్లోనే చింపి అమ్మారు, నిప్పురవ్వ పడిందంటే తిన్నగా చర్మానికే తగులుతుంది. ధనుర్మాసం చలి కింద షేక్‌పేటలో ఒకలా, పైన మన ఫిలింనగర్ గుట్ట మీద ఒకలా ఉంటుంది. అక్కడ చొక్కా చాలుతుంది, ఇక్కడ దుప్పటి కావాలి. వాచ్‌మన్ పుణ్యమా అని నాలుగు పుల్లలు రాజుకున్నాయి. చాయ్ వస్తోంది. తొందరేం లేదు కదా? ఉన్నా కూర్చో.

ఇందాక ఫోన్లో మీ డైరెక్టరుగారితో నువ్వంటుంటే నా చెవిన పడింది. మీ కథలో ఒంటెల బిడారు సీను ఉందట, దానికి సమర్కండో బుఖారానో వెళ్ళి లొకేషన్ చూసి రావాలట. వెళ్ళు నాయనా, వద్దనను. దేశాలు చూడాల్సిన వయసు. కానీ పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఊరికే పుట్టలేదు. యూరప్‌కీ ఆసియాకీ మధ్య నడిచిన ఆ పాత వర్తకపు దారి పాయ ఒకటి మనం కూర్చున్న ఈ గుట్ట కిందిదాకా వచ్చింది. ఆ దారిన వచ్చినవాళ్ళు మూటలు దించుకుని నడుం వాల్చిన సరాయి ఇవాళ్టికీ నిలబడే ఉంది. ఇక్కణ్ణించి రెండు మూడు కిలోమీటర్లు. గచ్చిబౌలి పోయేటప్పుడల్లా దాని పక్కనుంచే బైకు మీద దూసుకుపోతున్నావు.

నవ్వుతున్నావా? చాయ్ తాగి నవ్వు.

అందరూ సిల్క్ రోడ్, సిల్క్ రోడ్ అంటారే, ఆ పేరు పెట్టింది రిష్ట్‌హోఫెన్ అనే జర్మన్ భూగోళ శాస్త్రవేత్త, 1877లో. అంతకుముందు వందల ఏళ్ళుగా ఆ దారిన నడిచినవాళ్ళకి ఆ మాటే తెలీదు. వాళ్ళకది తర్వాతి ఊరికి పోయే దారి, అంతే. పైగా అదొక్క దారీ కాదు. చైనా నుంచి సమర్కండు, తబ్రీజు మీదుగా మధ్యధరా సముద్రం ఒడ్డుకి పోయేది మాను అనుకుంటే, దక్షిణానికి దిగిన కొమ్మలు చాలా ఉన్నాయి. ఇరాన్‌లోని ఇస్ఫహాను నుంచి కాందహారు, లాహోరు, ఆగ్రా, బుర్హాన్‌పూరు మీదుగా దక్కనుకి ఒకటి. ఇస్ఫహాను నుంచి బందర్ అబ్బాస్ రేవుకి దిగి, ఓడెక్కి సూరత్‌కో మన బందరుకో చేరేది ఇంకొకటి.

బందరంటే ఏమిటనుకున్నావు? పారశీకంలో రేవు అని అర్థం. బందరు లడ్డు తిన్నావు గానీ ఆ ఊరి పేరు ఎక్కణ్ణించి నడిచొచ్చిందో ఎప్పుడైనా అడిగావా? మాది బందరే. మా వీధికి కూతవేటు దూరంలో కలంకారీ గుడ్డలు ఆరేసేవాళ్ళు. కలం, కారీ, ఆ రెండు మాటలూ పారశీకమే. అద్దకం చేయి మనది, ఇష్టపడి కొన్న కళ్ళలో ఇరానువాళ్ళవీ ఉన్నాయి. డచ్చివాళ్ళు 1606 నాటికే బందర్లో దుకాణం పెట్టారు, ఇంగ్లీషు కంపెనీ 1611లో వచ్చింది. అక్కణ్ణించి గోల్కొండకి నూరు కోసుల దారి. మధ్యలో ఉయ్యూరు, బెజవాడ, చివర్లో హయత్‌నగర్. నేను 1980ల్లో మద్రాసు వదిలి, బందరు మీదుగా సామాను లారీలో వేసుకుని ఫిలింనగర్ వచ్చానే, అది అదే దారి. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్ము.

హయత్‌నగర్ అన్నాను కదా, దాని సంగతి చెప్పి ముందుకెళ్దాం. విజయవాడ బస్సు అక్కడ ఆగినప్పుడు నువ్వు కిటికీలోంచి చిప్స్ కొనుక్కుని ఉంటావు. ఆ ఊరికి పేరిచ్చినావిడ హయాత్ బక్షీ బేగం, మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు. అక్కడ పెద్ద మసీదు, దాని చుట్టూ వరసగా బాటసారుల గదులు, పక్కన ఏనుగుతో నీళ్ళు తోడించారని చెప్పే హాతీ బావడి. తూర్పు నుంచి వచ్చేవాడికి అది చివరి మజిలీ. పడమటి వైపు మజిలీ మన షేక్‌పేట. కోటకి రెండు వైపులా రెండు సరాయిలు, ఇంటికి ముందొక అరుగూ వెనకొక అరుగూ ఉన్నట్టు.

ఇప్పుడు మన షేక్‌పేట సరాయి. రెండంతస్తుల కట్టడం, ముప్పై గదుల దాకా, గుర్రాలకీ ఒంటెలకీ శాలలు, పక్కనే మసీదు, ఎవరిదో పేరు లేని ఒక సమాధి. నేను మొదటిసారి చూసింది ఫిలింనగర్ వచ్చిన కొత్తలో. మా యూనిట్ జీపు డ్రైవరు ఆ పక్క మనిషే, టైరు పంక్చరై ఆగితే, సాబ్ అంతసేపు ఎండలో ఎందుకు, నీడలో కూర్చోండి అని తీసుకెళ్ళాడు. కమాను కింద అడుగుపెట్టగానే ఒళ్ళు చల్లబడింది. బయట రోహిణీకార్తె ఎండ, లోపల మట్టికుండ చల్లదనం. గోడ మీద చెయ్యి వేశాను. గచ్చు రాలిన చోట రాయి గరుగ్గా తగిలింది, రాలని చోట గుడ్డు పెంకులా నున్నగా ఉంది. కప్పు పగుల్లోంచి రావి మొక్క వేళ్ళు దిగి గోడని కౌగిలించుకున్నాయి. ఒక గదిలో మేక పిల్లలు రెండు పడుకుని ఉన్నాయి. ఒంటెలు పడుకున్న చోట మేకలు. నేనా మేకల్ని చూస్తూ టైరు సంగతి మర్చిపోయాను.

ఎందుకంత కదిలిపోయానో చెప్పాలంటే మద్రాసు వెళ్ళాలి.

1968లో నాకు ఇరవయ్యేళ్ళు. బాగ్దాదు కథలకి మంచి గిరాకీ ఉన్న రోజులు. రామారావుగారి బాగ్దాద్ గజదొంగ ఆ ఏడే వచ్చింది, విఠలాచార్యగారి ఆలీబాబా 40 దొంగలు 1970లో. ఆ గాలిలోనే మొదలై విడుదల దాకా రాకుండా ఆగిపోయిన ఒక జానపదానికి నేను ప్రొడక్షన్‌లో చేరాను. రోజుకి మూడు రూపాయల బత్తా, పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అరిటాకు భోజనం. ఫ్లోర్లో సరాయి సెట్టు వేశారు. వెదురు దబ్బలు, గోనెపట్టా, మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఆపైన గోధుమరంగు. దూరం నుంచి చూస్తే నిజంగా ఎడారి మధ్య విడిదే. రెండు ఒంటెల్ని తెచ్చారు. దర్శకుడు యాక్షన్ అనేలోపల ఒక ఒంటె మెడ చాచి సరాయి పందిరికి కప్పిన గడ్డంతా నింపాదిగా నమిలేసింది. దాన్నాపడానికి వెళ్ళిన ఒంటెవాడి తలపాగా రెండోది అందుకుంది. మళ్ళీ గడ్డి తెచ్చి కప్పేసరికి మూడు గంటలు. మేకప్ వేసుకున్న వర్తకులందరూ ఫ్యాన్ల కింద కూర్చుని పేకాట. ఒంటె మటుకు ఏ తప్పూ ఎరగని ముఖంతో నెమరేస్తూ నిలబడింది.

ఆ సెట్టు మూడో వారంలో విప్పేశారు. వెదురు వెదురువాడికి, గోనె గోనెవాడికి. అది చూసినవాణ్ణి, ఆ తర్వాత పాతికేళ్ళైనా గడవకముందే మళ్ళీ అలాంటి కమానుల కిందే నిలబడ్డాను. ఈసారి అవి రాయి. పని తెలిసినవాళ్ళు ఎవరో ఎండకీ వానకీ తట్టుకోవాలని కట్టినవి. ఒంటెలు కూడా నిజంగానే వచ్చినవి.

ఎవరొచ్చారు అంటావా? ఒక మనిషి గురించి చెబుతాను, మిగతావాళ్ళు నీకే అర్థమవుతారు. టావెర్నియర్ అని ఫ్రాన్సువాడు. 1605లో పారిస్‌లో పుట్టాడు, తండ్రికి దేశపటాల వ్యాపారం. పిల్లవాడు పటాలు చూస్తూ పెరిగాడు, కాళ్ళకి చక్రాలొచ్చాయి. మొత్తం ఆరుసార్లు తూర్పు దేశాలకి వచ్చాడు. మొదటిసారి 1631లో కాన్‌స్టాంటినోపుల్ చేరి, అక్కడ పదకొండు నెలలు ఉండిపోయాడు. ఆ తర్వాత తోకాతు, ఎర్జురుం, ఎరవాన్ మీదుగా ఇస్ఫహాను దాకా వెళ్ళాడు.

పదకొండు నెలలు, విన్నావా? నిన్న చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర నాలుగు నిమిషాలు ఆగినందుకు ఎంత విసుక్కున్నావు! ఆ కాలంలో ఒంటరిగా ఎవడూ బయల్దేరడు. దొంగలున్నారు, నీళ్ళ బావులు ఎక్కడున్నాయో తెలిసినవాళ్ళు కావాలి, సుంకం చౌకీల్లో మాట్లాడే పెద్దమనిషి కావాలి. బిడారు కూడేదాకా ఆగాల్సిందే. మన పెద్దవాళ్ళు కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అన్నది ఇందుకే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి, మన హైదరాబాదు మీదుగా కాశీ వెళ్ళి, ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు. ఆయన వెంట నూరుమంది దాకా పరివారం. దారి పొడుగునా ఏ ఊళ్ళో ఏం దొరుకుతుందో, ఎక్కడ దిగడానికి వసతి ఉందో రాసుకుంటూ పోయాడు. ఆ పుస్తకం సంపాదించి చదువు. సరే, ఆయన ముచ్చట ఇంకోరాత్రి.

టావెర్నియర్ ఖర్చులు రాసిపెట్టుకునే మనిషి, అందుకే ఆయనంటే నాకు ఇష్టం. ప్రొడక్షన్లో బతికినవాడికి లెక్క రాసేవాడు చుట్టంలా కనిపిస్తాడు. సూరత్ నుంచి ఆగ్రాకి ఎడ్ల బండి బాడుగ మొత్తం ప్రయాణానికి నలభై నుంచి నలభై అయిదు రూపాయలట, ముప్పై అయిదు నలభై రోజులు. సూరత్ నుంచి గోల్కొండకీ ఇంచుమించు అదే దూరం, అదే రేటు. పల్లకీ మోసే బోయీకైనా, వెంట నడిచే మనిషికైనా నెలకి నాలుగు రూపాయలు, తిండీ తిప్పలూ వాళ్ళవే. ప్రయాణం అరవై రోజులు దాటితే అయిదు. తన సొంత ఎడ్ల జత మటుకు ఆరువందలకి దగ్గరపడిందట! మనిషి నెల కూలి నాలుగు, ఎడ్ల జత ఆరువందలు. మంచి ఎడ్లు అప్పటి బెంజి కారన్నమాట.

ఆ ఎడ్లకి పెట్టే తిండి విను. మధ్యాహ్నం గోధుమపిండిని వెన్నా నల్లబెల్లమూ వేసి పిసికి, రొట్టెముద్దలంత ఉండలు చేసి రెండో మూడో పెట్టేవారు. సాయంత్రం నలగ్గొట్టిన శనగలు అరగంట నానబెట్టి పెట్టేవారు. చూశావా, ఎద్దుకి సున్నుండల్లాంటి ఫలహారం! గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు, ఎద్దు గట్టిదైతే లడ్డూ తప్పదు. ఊరికే కాదు, నెలల తరబడి నడవాలి అవి.

ఇక ఆ రోజుల్లో ట్రాఫిక్ జామ్ ఉండేది కాదనుకుంటున్నావేమో. బియ్యం, ధాన్యం, ఉప్పు మోసుకుపోయే ఎద్దుల బిడార్లు పది పన్నెండు వేల ఎద్దులతో ఎదురయ్యేవట. ఇరుకు దారిలో ఎదురుపడితే అవన్నీ దాటేసరికి రెండు మూడు రోజులు పక్కకి దిగి కూర్చోవాలి. ఆ ఎద్దుల్ని తోలింది ఎవరనుకున్నావు? మన లంబాడీలు, బంజారాలు. పెళ్ళాం పిల్లలు, గుడారాలు, కుక్కలు, అన్నీ ఆ మందతోనే. ఒక గుంపు ధాన్యమే మోస్తుంది, ఒక గుంపు బియ్యమే, ఒకటి పప్పు, ఒకటి ఉప్పు. ఒకళ్ళ సరుకు ఇంకొకళ్ళు ముట్టరు. సైన్యాలు కూడా వాళ్ళు తెచ్చే గింజల మీదే బతికేవి. ఆ బంజారాలు ఈ రాళ్ళ గుట్టల్లో ఉండేవాళ్ళు కాబట్టే పక్క గుట్టకి బంజారా హిల్స్ అని పేరు. నిజాం కాలపు అధికారి మెహదీ నవాజ్ జంగ్‌గారు అక్కడ బండరాళ్ళని కొట్టకుండా, వాటినే గోడలుగా చేసుకుని ఇల్లు కట్టుకున్నాక మిగతా గొప్పవాళ్ళకి ఆ గుట్ట కంటబడింది. రోడ్డు నంబరు పన్నెండులో కాఫీకి నువ్విచ్చే డబ్బుతో ఒక లంబాడీ కుటుంబం... వద్దులే, ధరలు పోలిస్తే నీకు కోపం, నాకు ఆయాసం.

మళ్ళీ దారిలోకి వద్దాం. 

బిడారు గోల్కొండ చేరాక వర్తకులు దిగే పేట ఉంది చూడు, కార్వాన్. ఇప్పుడు ఆటోవాడు కార్వాన్, కార్వాన్ అని కేకేస్తాడే, అదే మాట, బిడారు అనే అర్థం. అక్కణ్ణించి మూసీ దాటి నగరంలోకి పురానాపూల్ మీదుగా. ఆ వంతెన 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించాడు, నగరం పుట్టక ముందే. టావెర్నియర్ దాన్ని చూసి, పారిస్‌లో మా పెద్ద వంతెన కంటే ఇదేమీ తీసిపోదు అని రాశాడు. పారిస్‌లో పాట తీయడానికి వెళ్ళి ఆ వంతెన మీద ఫొటోలు దిగినవాళ్ళు మన జూబ్లీహిల్స్‌లో చాలామంది ఉన్నారు. పురానాపూల్ మీద నిలబడి ఫొటో దిగినవాళ్ళెందరో నాకు చెప్పు.

ఎందుకొచ్చారు వీళ్ళంతా? గుడ్డల కోసం, ఉక్కు కోసం, అన్నిటికంటే వజ్రాల కోసం. గోల్కొండలో వజ్రాలు దొరికేవని అనుకుంటారు కొందరు. గోల్కొండ బజారు మాత్రమే. గనులు కృష్ణ ఒడ్డున, పల్నాడు వైపు కొల్లూరులో. టావెర్నియర్ వెళ్ళినప్పుడు ఆ ఒక్క గనిలో ఆడా మగా పిల్లా పాపా అరవై వేల మంది పని చేస్తున్నారట. మగవాళ్ళు తవ్వడం, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోయడం. ఇంకో గనిలో మంచి పనివాడికే ఏడాదికి మూడు వరహాలు. ఏడాదికి! అందుకే ఒకడు చిన్న వజ్రం కంటి కొలుకులో దాచుకుని పట్టుబడ్డాడట. కంట్లో నలుసు పడితేనే మనం ఆగలేం, వజ్రం పెట్టుకున్నాడంటే ఇంట్లో పరిస్థితి ఎంత గడ్డుగా ఉండి ఉంటుంది చెప్పు. ఆ రాళ్ళ తళుకు గురించి అందరూ రాస్తారు. ఆ కన్ను గురించి తల్చుకుంటే నాకు ఇప్పటికీ మనసు అదోలా అవుతుంది.

బేరం ఎలా చేసేవారో చూపిస్తాను. ఏదీ, నీ కుడిచెయ్యి ఇలా తే. ఈ దుప్పటి కిందికి. ఇద్దరం ఎదురెదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం, చుట్టూ పదిమంది చూస్తున్నారు, ఒక్కళ్ళూ మాట్లాడరు. అమ్మేవాడు నడుంకట్టు విప్పి కొనేవాడి చేతి మీద కప్పుతాడు. ఇదిగో, నీ చెయ్యి మొత్తం పట్టుకున్నాను. అంటే వెయ్యి. రెండుసార్లు నొక్కితే రెండు వేలు. అయిదు వేళ్ళు మాత్రం పట్టుకుంటే అయిదువందలు. ఒక్క వేలు, వంద. ఆ వేలు సగం దాకా, మధ్య కణుపు దాకా పట్టుకుంటే యాభై. కొస కణుపు, పది. ఇప్పుడు నేను పట్టుకున్నది ఎంత? అదీ, పదకొండువందల యాభై. తొందరగానే నేర్చుకున్నావు. ఇలా మూడో మనిషికి తెలియకుండా ఒకే చోట ఒకే సరుకు చాలాసార్లు వేర్వేరు ధరలకి అమ్ముడుపోయేదట. మా బందరు పక్క పశువుల సంతలో బేరగాళ్ళు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ఇలాగే బేరం చేయడం నా చిన్నప్పుడు నేను కళ్ళారా చూశాను. అప్పుడు నాకు నవ్వొచ్చింది, మా నాన్న కళ్ళెర్రజేశాడు. బేరం చెడగొడితే గిత్త చేజారుతుంది.

నీకంటే చిన్నవాళ్ళు కూడా ఆ వ్యాపారం చేసేవారు. పదేళ్ళ నుంచి పదిహేను పదహారేళ్ళ పిల్లలు ఊరి నడిబొడ్డున చెట్టు దగ్గర చేరేవారట. ఒక పక్క సంచిలో తూకపు రాళ్ళు, ఇంకో పక్క సంచిలో అయిదారువందల వరహాలు. ఎవరైనా రాయి తెస్తే గుంపులో పెద్ద పిల్లవాడి చేతికిస్తారు, అతను చూసి పక్కవాడికి, పక్కవాడు ఇంకొకడికి. మాటా మంతీ లేదు. చివరికి అది మళ్ళీ మొదటివాడి చేతికొచ్చేసరికి ధర తేలిపోతుంది. సాయంత్రం లాభం పంచుకునేటప్పుడు ఆ పెద్దవాడికి నూటికి పావు వంతు ఎక్కువ. పదేళ్ళ పిల్లాడికి ఆరువందల వరహాలిచ్చి చెట్టుకింద వదిలిన తండ్రి గుండెధైర్యం మాత్రం మనకి రాదు.

టావెర్నియర్ కొనుక్కుపోయిన నీలం వజ్రం నూట పన్నెండు క్యారెట్ల పైమాట. కొల్లూరు గనిదే అంటారు. దాన్ని ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి అమ్మాడు. తర్వాత సానబట్టీ సానబట్టీ ఇప్పుడు నలభై అయిదున్నర క్యారెట్లుగా వాషింగ్టన్ మ్యూజియంలో హోప్ డైమండ్ పేరుతో ఉంది. అమెరికా వెళ్ళిన మన పిల్లలు దాని ముందు వరసలో నిలబడి చూసొస్తారు. కొల్లూరు గని పులిచింతల రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది.

మనుషులూ వచ్చారు, రాళ్ళే పోలేదు. మీర్ జుమ్లా అని విన్నావా? ఇస్ఫహాను దగ్గర అర్దెస్తాన్‌లో నూనె అమ్మేవాడి కొడుకు. వర్తకుడి కొలువులో గోల్కొండ వచ్చి, వజ్రాలు కొని, ఓడలు కొని, చివరికి సుల్తానుకి వజీరై, సుల్తానునే బెదిరించేంత వాడయ్యాడు. 1652లో బందర్లో ఓడ దిగిన టావెర్నియర్ ఆయన్ని కలవడానికి మన గండికోట వెళ్ళాడు. మీర్ జుమ్లా గుడారంలో కాళ్ళకి జోళ్ళు లేకుండా కూర్చున్నాడట. ఎడమచేతి వేళ్ళ మధ్య ఉత్తరాలు, కాలి వేళ్ళ మధ్య ఉత్తరాలు! ఒకటి కాలి నుంచి, ఒకటి చేతి నుంచి తీస్తూ ఇద్దరు రాయసకాళ్ళకి జవాబులు చెప్పి రాయిస్తున్నాడు. మూడు ఫోన్లు పట్టుకు తిరిగే మీ మేనేజరుకి ఈ సంగతి చెప్పు, సంతోషిస్తాడు. అంత చేసినవాడూ కూర్చున్న చోట కూర్చోలేకపోయాడు. గోల్కొండని వదిలి మొగలుల వైపు పోయి, అస్సాం అడవుల్లో యుద్ధం చేసి, రోగంతో 1663లో పోయాడు. ఆశ లావు, పీక సన్నం.

ఇరాను నుంచి ఆ తర్వాతా వచ్చారు. ఇదిగో, నీ చేతిలో చాయ్ గ్లాసు ఉందే, దాని పేరేమిటి? ఇరానీ చాయ్. డికాషన్ వేరే, పాలు వేరే కాచి కలిపే ఆ పద్ధతి ఇరానీ హోటళ్ళవాళ్ళది. నేను వచ్చిన కొత్తలో రూపాయి లోపే చాయ్, ఒక ఉస్మానియా బిస్కట్టు, దానితో రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనేవారు కాదు. కథలన్నీ అక్కడే కుదిరేవి. ఇప్పుడు మీరు కథా చర్చలకి ఏసీ గదులు తీసుకుంటారు. గంటలకి లెక్క కట్టి.

అన్నట్టు, మన సినిమావాళ్ళు ఈ గుట్టలకి రావడమూ బిడారే కదా! నాగేశ్వరరావుగారు 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరిచినప్పుడు చుట్టూ రాళ్ళూ సీతాఫలం తుప్పలూ. 1989లో రామానాయుడుగారు ఈ ఫిలింనగర్ గుట్ట మీద స్టూడియో పెట్టారు. మద్రాసు నుంచి ఒక్కో కుటుంబం లారీల్లో ట్రంకు పెట్టెలతో, మేకప్ పెట్టెలతో, దేవుడి పటాలతో దిగింది. ఒకళ్ళ వెనక ఒకళ్ళు. అక్కడ నీళ్ళున్నాయి, ఇక్కడ దొంగల భయం లేదు అని ముందొచ్చినవాళ్ళు వెనకవాళ్ళకి కబురు పెట్టేవారు. రాత్రిళ్ళు డాబా ఎక్కితే కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు కనిపించేవి, వాటి వెనక కోట. అంత ఎదురుగా ఉన్న చరిత్రని మేం ముప్పై ఏళ్ళు కెమెరాలో పట్టలేదు. ఎడారి కావాలంటే రాజస్థాన్ పోయాం, కమాను కావాలంటే థర్మాకోల్‌తో చేశాం. ఇది నిందగా అనడం లేదు, నేను కూడా ఆ పనిలో ఉన్నవాణ్ణే. బాధగా అంటున్నాను.

అందుకే నిన్ను కూర్చోబెట్టాను. మీ సీను సమర్కండులో తీసుకోండి, బాగా వస్తుంది. కానీ ఆ బిడారు చివరికి ఎక్కడికి పోతుందో మీ కథలో ఒక్క మాట ఉండాలి. గోల్కొండకి పోతోంది అని ఎవరో ఒక వర్తకుడి నోట అనిపించు. ఆ ఒక్క డైలాగు వింటే థియేటర్లో మన పిల్లవాడొకడు పక్కవాణ్ణి అడుగుతాడు, గోల్కొండంటే మన గోల్కొండేనా అని. అడిగితే ఆ ఆదివారం వెళ్ళి చూస్తాడు. చూసేవాళ్ళు ఉంటేనే ఆ గోడలు నిలబడతాయి. రావి వేళ్ళు తీసేవాళ్ళూ అప్పుడే వస్తారు.

ఒకవేళ మీరే అక్కడ షూటింగు పెట్టుకుంటే, ఆ గోడలకి మేకు కొట్టనివ్వకు. లైటు కట్టాలంటే ఇనప స్టాండు తెచ్చుకోండి. రంగు వేయనివ్వకు, పొగ బాంబులు లోపల పెట్టనివ్వకు. ఆర్ట్ డిపార్టుమెంటువాళ్ళు, ఒక్క మేకే కదా సార్ అంటారు. నేనూ అన్నాను ఒకప్పుడు, వేరే చోట. ఆ రాయి పెచ్చు ఊడి నా కాళ్ళ దగ్గర పడిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది.

మంట ఆరిపోతోంది, ఇంక పడుకో. పొద్దున ఆరింటికి గేటు దగ్గర ఉండు. బైకు తీయొద్దు, గుట్ట దిగి నడిచే వెళ్దాం. సరాయికి తాళం వేసి ఉంటే బయటి కమానులైనా చూసొద్దాం.